పిల్లల కథ రాశానని వచ్చేవాళ్లకి మన సాహితీ కూటం ఎలా తోడుండాలి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. దక్షిణ ఒడిశాలోని ఈ ఊళ్లలో ఎక్కడైనా నెలకోసారి నలుగురు తెలుగువాళ్లు కూడి పద్యాలో కవితలో చదువుకునే అలవాటు మీకుంటే, ఇది మీకోసమే. అలాంటి కూటానికి ఏడాదికి ఒకరో ఇద్దరో కొత్తవాళ్లు వస్తారు. వెనక వరసలో కూర్చుంటారు. అందరూ చెప్పులు వేసుకుంటుంటే మెల్లిగా దగ్గరికొచ్చి, "పిల్లల కథ ఒకటి రాశానండీ, చూస్తారా?" అంటారు. మనం అక్కడే నిలబడి రెండు పేజీలు తిరగేసి, "చాలా బాగుందమ్మా, రాస్తూ ఉండు" అంటాం. ఉగాదికి పిలిచి శాలువా కప్పుతాం. ఆవిడ మళ్లీ రాదు. ఆ కథ ఏమైందో మనకి గుర్తుండదు.

ఈ తప్పు మేమూ చాలా ఏళ్లు చేశాం. మానేశాక మేం పట్టుకున్న పద్ధతి ఇది. మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

ముందు పిల్లల్ని లెక్కపెట్టండి

రచయితల సంగతి తర్వాత చూద్దాం. మీ వీధిలో తెలుగు మాట్లాడే పిల్లలెందరు, వాళ్లలో తెలుగు చదవగలిగేవాళ్లెందరు? ఒక ఆదివారం పది ఇళ్లకి వెళ్లండి. ఒక పేజీ పెద్దక్షరాల కథ చేతికిచ్చి చదవమనండి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు ఈ ఊళ్లు ఇటు వచ్చాయి. ఇంట్లో మాట తెలుగుగానే ఉండిపోయింది, బడిలో అక్షరం మాత్రం ఒడియా అయింది. మేం వెళ్లిన పది ఇళ్లలో పద్నాలుగు మంది పిల్లలుంటే, గడగడా చదివింది ముగ్గురు. ఐదుగురు కూడబలుక్కున్నారు. మిగతావాళ్లు కాగితం వాళ్లమ్మకిచ్చేశారు. కానీ చదివి వినిపిస్తే అందరికందరూ విన్నారు.

అంటే మన ఊళ్లో పిల్లల కథ ముందు చెవికి పనికిరావాలి. కొత్త రచయితకి మొదటి రోజే ఈ మాట చెప్పండి. "ఎవరికోసం రాశారు?" అంటే "పిల్లలకోసం" అని సరిపెట్టుకోనివ్వకండి. పేరు చెప్పమనండి. ఎదురింటి ఆరేళ్ల పిల్లయినా సరే, ఒక పేరుండాలి.

తెలుగు పిల్లలకి చెవిలో కథలు పోసిన రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు 1905లో పుట్టింది మన బరంపురంలోనే. ఆయన, ఆయన భార్య కామేశ్వరి గారు కలిసి 1945లో 'బాల' పత్రిక కూడా నడిపారు. మా ఊళ్లో ఈ సంగతి తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే.

వేరే కూర్చోండి

పిల్లల కథని కవి సమ్మేళనం చివర ఇరికించకండి. అప్పటికే అందరికీ ఆకలేస్తుంటుంది. నెలలో ఒక ఆదివారం పొద్దున రెండు గంటలు, ఐదు నుంచి ఎనిమిది మందితో విడిగా కూర్చోండి. రెండు కథలే తీసుకోండి, ఒక్కోటి మూడు పేజీలు మించకుండా. అధ్యక్షుడు వద్దు, పుష్పగుచ్ఛం వద్దు. టీ చాలు.

కథ రాసినవాళ్లు చదవకూడదు. మా పద్ధతి మొత్తంలో ముఖ్యమైంది ఇదే. రాసినవాళ్లు చదివితే, కాగితం మీద లేని ప్రాణమంతా గొంతుతో పోసేస్తారు. ఇంకొకరి చేతికివ్వండి, ముందుగా చూడనివాళ్లయితే మరీ మంచిది. వాళ్లు ఎక్కడ తడబడ్డారో, ఎక్కడ వెనక్కెళ్లి మళ్లీ చదివారో రాసినవాళ్లు తమ కాపీలో పెన్సిలుతో గీత పెట్టుకోవాలి. చదవడం అయ్యాక కూడా పదిహేను నిమిషాలు నోరు విప్పకూడదు. "అక్కడ నా ఉద్దేశం ఏమిటంటే" అని మొదలెడితే ఆపండి. పుస్తకం వెంట రచయిత ఇంటింటికీ వెళ్లి ఉద్దేశం చెప్పడు కదా.

వినేవాళ్లకీ ఒక నిషేధం ఉంది. "బాగుంది" అనకూడదు. ఎక్కడ నవ్వొచ్చిందో, ఎక్కడ టీ మీదకి మనసు పోయిందో చెప్పాలి. మొదట్లో మా పెద్దలకి ఇది కష్టమైంది. ఒకాయన అలిగి రెండు నెలలు రాలేదు. తర్వాత వచ్చాడు, ఇప్పుడు అందరికంటే నిక్కచ్చిగా చెప్పేది ఆయనే.

తర్వాత పిల్లల దగ్గరికి తీసుకెళ్లండి

ఇక్కడ కొంచెం ఆగి చెప్తాను.

బ్యాంకులో చేసి రిటైరైన ఒకాయన తాబేలు కథ రాసుకొచ్చారు. తల్లి తాబేలు ఒడ్డున గుడ్లు పెట్టి, ఎండకీ వానకీ కదలకుండా కాపలా కాస్తుంది. కుక్కలొస్తే తరుముతుంది. చివరికి పిల్లల్ని వీపున ఎక్కించుకుని సముద్రంలోకి తీసుకెళ్తుంది. చదువుతుంటే ఒకరిద్దరికి కళ్లు చెమ్మగిల్లాయి. మేం పదకొండు మందిమి ఒక సంధి గురించి అరగంట వాదించుకున్నాం. తప్పు ఎవరికీ కనపడలేదు.

తర్వాతి ఆదివారం ఆ కథ పట్టుకుని ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట, మన తెలుగు జాలరుల పల్లెకి వెళ్లాం. గుడి అరుగు మీద ఇరవై మంది పిల్లలు చేరారు. రెండో పేజీలోనే తొమ్మిదేళ్ల గుంటడు ఒకడు లేచాడు. "ఏటి తాతా, తల్లి తాబేలు అక్కడెందుకుంటాది? గుడ్లెట్టీసి ఎలిపోద్ది." పక్కనున్న పిల్ల అందుకుంది. "పిల్లలు రేత్రి ఒస్తాయి. లైటెలిగితే సముద్రం అనుకుని అటే ఎలిపోతాయి, ఊర్లోకి."

వాళ్లు చెప్పింది అక్షరాలా నిజం. ఆలివ్ రిడ్లీ తాబేలు ఇసుకలో గొయ్యి తీసి వందకి అటూ ఇటూగా గుడ్లు పెట్టి, కప్పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోతుంది. నెలన్నర, రెండు నెలలకి పిల్లలు వాటంతట అవే పైకొచ్చి, ఎటు వెలుగుంటే అటు పాకుతాయి. చీకట్లో సముద్రం మీదే వెలుగు ఎక్కువ కాబట్టి ఆ దారి సరైనదే, ఊరి దీపాలు లేకపోతే. దాదాపు ప్రతి ఏటా వేల తాబేళ్లొచ్చే ఒడ్డుకి ముప్పై కిలోమీటర్ల దూరంలో కూర్చుని మనకి ఈ సంగతి తెలీలేదు.

ఆ పెద్దాయన ముఖం చిన్నబోయింది. బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. నెల తర్వాత తెచ్చిన కథలో తల్లి లేదు. ఇసుకలోంచి తల బయటపెట్టిన ఒక పిల్లకి రెండు వెలుగులు కనిపిస్తాయి, ఎటెళ్లాలో తెలీదు. అంతే కథ. అడిగేవాళ్లు లేరు, చెప్పేవాళ్లు లేరు. మొదటి కథ కంటే ఇది పది రెట్లు గట్టిది. కాపలా కాసే తల్లి కథని ఎవరైనా రాస్తారు.

పిల్లలకి వినిపించేటప్పుడు కొన్ని జాగ్రత్తలున్నాయి. పదిహేను, ఇరవై మంది మించితే అల్లరే మిగులుతుంది. "నచ్చిందా?" అని అడగొద్దు. మన పిల్లలు మర్యాదస్థులు, నచ్చిందనే అంటారు. సగంలో ఆపి, "ఇప్పుడేమవుద్ది?" అనండి. ఇరవై మందీ ఒకే జవాబిస్తే కథలో విశేషం లేనట్టు. ఎవరూ ఏమీ అనకపోతే దారి తప్పినట్టు. కథ రాసినవాళ్లు పక్కన కూర్చుని కాగితాన్ని కాదు, పిల్లల కళ్లని చూడాలి. ఒకడు గోడ మీది తొండని చూడ్డం మొదలెట్టిన వాక్యం ఏదో గుర్తుపెట్టుకోవాలి, అది కొట్టేయాల్సిన వాక్యం. వీలైతే వారం తర్వాత అదే పిల్లల్లో ఒకరిద్దర్ని కలిసి ఆ కథ మళ్లీ చెప్పించుకోండి. వాళ్లు వదిలేసినవి ఏమిటో, కలిపినవి ఏమిటో చూస్తే సంపాదకుడి పని సగం అయిపోతుంది.

బడిలోకి వెళ్లాలంటే ప్రధానోపాధ్యాయుణ్ణి అడిగి, ఒక టీచర్ని పక్కన కూర్చోబెట్టుకుని మాత్రమే చదవండి. పిల్లల ఫోటోలు తీసి గ్రూపుల్లో పెట్టకండి.

భాష దగ్గర మొహమాటం వద్దు

కొత్తగా రాసేవాళ్లు కలం పట్టగానే గ్రాంథికంలోకి జారిపోతారు, ఎందుకో. ఇంట్లో "ఏటి, ఎందుకలాగున్నావు" అనే మనిషి కాగితం మీద "ఎందులకు విచారముగా నున్నావు" అంటాడు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పినవారే. ఆయన సవరల భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల భాషలోనే వాచకాలు తయారుచేశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న సభ పెట్టి, ఆ సభలోనే "విచారముగా నున్నావు" చదివే ఊరు మనది.

మా కూటానికి వచ్చిన ఒక కథలో మొదటి వాక్యాలివి: "పూర్వము ఒక గ్రామమున రాము అను బాలుడు గలడు. అతడు ప్రతిదినము ధూమశకటమును వీక్షించుటకు పోవుచుండెను." రాసింది నలభై ఏళ్లావిడ, చిన్నప్పుడు నౌపడా–గుణుపురం చిన్న రైలెక్కి అమ్మమ్మ ఇంటికెళ్లిన మనిషి. "మీరు మీ అబ్బాయికి ఎలా చెప్తారు?" అని అడిగాం. కాసేపు ఆలోచించి చెప్పింది: "రాముకి రైలంటే పిచ్చి. అది ఎంత నెమ్మదంటే, దిగి ఒకటికెళ్లి మళ్లీ పరిగెత్తి ఎక్కొచ్చు." గది గొల్లుమంది. అదే రాయమన్నాం. ఆ చిన్న గేజి రైలు 2004లో ఆగిపోయింది, ఇప్పుడక్కడ పెద్ద లైను మీద రైళ్లు నడుస్తున్నాయి. ఆవిడ రాయకపోతే అది ఎంత నెమ్మదో ఇంకెవరు చెప్తారు?

స్థానిక మాటలు ఉంచండి. చోడంబలి, తరవాణి, గుంటడు. ఒడియా నుంచి మన నోళ్లలోకి వచ్చినవీ ఉంచండి. మా పిల్లలకి 'చద్దన్నం' అంటే ఏ స్పందనా లేదు, 'పఖాళ' అనగానే నవ్వారు. విజయవాడ సంపాదకుడికి అర్థం కాదేమో అని భయపడితే, వాక్యంలోనే అర్థం తెలిసేలా రాయాలి తప్ప మాట మార్చకూడదు. ఇది నా పట్టుదల, మా కూటంలోనే ఒప్పుకోనివాళ్లున్నారు.

ఇప్పుడిప్పుడే చదవడం నేర్చుకుంటున్నవాళ్లకి రాస్తే ఒత్తుల్ని కాచుకోండి. "స్వాతంత్ర్యం" లాంటి మాట దగ్గర ఆరేళ్ల పిల్ల పుస్తకం మూసేస్తుంది. వాక్యానికి ఐదారు మాటలు చాలు.

చివరి పేరాలో నీతి ఉంటే వేలు పెట్టి మూసి చదవండి. కథ నిలబడితే నీతి కొట్టేయండి. నిలబడకపోతే నీతి పెట్టినా నిలబడదు. చందమామ చదివి పెరిగిన మన తరం "అనగనగా ఒక రాజు"తో మొదలెట్టి బుద్ధి చెప్పి ముగించడం ఒక్కటే దారనుకుంటుంది. బరంపురం ఠాకురాణి అమ్మవారి యాత్రలో పులి వేషం వేసిన పిల్లాడికి తోక ఊడిపోతే ఏం చేశాడన్నది కథ కాదా?

ఒడియా అక్షరాల్లో తెలుగు కథ

తెలుగు చదవలేని పిల్లల కోసం మేం చేసిన ప్రయోగమిది. తెలుగు కథనే ఒడియా లిపిలో రాసి ఇచ్చాం. మాట తెలుగు, అక్షరం ఒడియా. పిల్లలు తమ సొంత మాటని చదువుతూ పకపకా నవ్వారు.

చిక్కు ఒకచోట వస్తుంది. ఒడియా రాతలో ఎ, ఏలకి తేడా లేదు, ఒ, ఓలకీ లేదు. 'నెల', 'నేల' ఒకేలా పడతాయి. 'ఒడి', 'ఓడి' కూడా అంతే. "నేల మీద పడుకుంది" అన్న వాక్యాన్ని ఒక పిల్ల "నెల మీద పడుకుంది" అని చదివి, చందమామ మీదేమో అనుకుంది. దీర్ఘం ఉన్న అక్షరం మీద చిన్న గీత పెట్టాం, రెండు పేజీల్లో అలవాటైపోయింది. అకారాన్ని ఒడియాలో ఒకారంలా పలుకుతారు కాబట్టి ఆ సర్దుబాటు కూడా ఉంటుంది, కానీ తెలిసిన మాటే కనుక పిల్లలు వాళ్లే సరిచేసుకుంటారు. ఎదురు పేజీలో అదే కథ తెలుగు లిపిలో ఉంచండి. ఒకటి చూసి ఒకటి నేర్చుకోవడం మొదలుపెడతారు.

ఒడియా రచయితలతో కలిసి ఏడాదికి రెండు సార్లు కూర్చోండి. వాళ్ల కథ మనం తెలుగు చేయాలి, మనది వాళ్లు ఒడియా చేయాలి. అనువాదంలో పెట్టి చూస్తే కథలో డొల్లతనం ఇట్టే బయటపడుతుంది.

బొమ్మలకి ముందు ఉత్తుత్తి పుస్తకం

బొమ్మలవాళ్లని వెతికే ముందు కొత్త రచయిత చేత ఒక నమూనా చేయించండి. నాలుగు ఎ4 కాగితాలు ఒకదాంట్లో ఒకటి పెట్టి మధ్యకి మడిచి పిన్ను కొడితే 16 పేజీలు. ముందట్ట, వెనకట్ట, వాటి లోపలి వైపులు కలిపి నాలుగు పోతే 12. పేరూ వివరాలకి ఒక పేజీ పోతే 11. కథని కత్తెరతో ముక్కలు చేసి ఆ 11 పేజీల్లో అంటించమనండి. ఎక్కడ పేజీ తిప్పితే ఆశ్చర్యం ఉంటుందో అప్పుడు తెలుస్తుంది. బొమ్మలో కనిపించేదాన్ని మాటల్లో కొట్టేయొచ్చని కూడా అప్పుడే తెలుస్తుంది. "ఎర్ర గౌను వేసుకున్న లక్ష్మి పచ్చటి చెట్టు కింద" అని రాస్తే బొమ్మవాడికి ఏం పని మిగిలింది?

బోర్డులు రాసే పెయింటర్లలో మంచి చేయి ఉన్నవాళ్లుంటారు, అడగండి. డబ్బివ్వండి, స్నేహం పేరుతో ఉచితంగా వేయించుకోకండి. లాంజియా సవరల గోడబొమ్మలు అందంగా ఉన్నాయని ఎత్తి అట్టమీద పెట్టేయడం చూస్తున్నాను. 'ఇడితాల్' అనే ఆ గోడబొమ్మ అలంకారం కాదు, పూజకి సంబంధించింది. ఆ ఊరివాళ్లని అడిగి, వాళ్లలో వేసేవాళ్లకే పని అప్పజెప్పండి.

పంపడం, అచ్చు, సంతకాలు

కథ యూనికోడ్‌లో టైపు చేయించండి. డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టి ఇస్తే వేరే కంప్యూటర్లో పిచ్చిగీతలవుతుంది, మార్పిడి చేస్తే ఒత్తులు తారుమారవుతాయి. మార్చాక ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు చూసి దిద్దాలి. ఒకే కథ ఒకేసారి రెండు పత్రికలకి పంపొద్దు. ఎవరు ఏది ఎప్పుడు పంపారో కూటం దగ్గర ఒక పుస్తకంలో రాయండి. మూడు నెలలు చూసి, జవాబు లేకపోతే మర్యాదగా ఒక ఉత్తరం రాసి, ఇంకోచోటికి పంపండి. తిరిగొచ్చిన కథల్ని కూటంలో చెప్పుకోండి, మా దగ్గర ఎక్కువసార్లు తిరిగొచ్చినవాళ్లే ఆ రోజు టీ ఇప్పిస్తారు.

పుస్తకమైతే హైదరాబాదులోని 'మంచి పుస్తకం' ప్రచురణ సంస్థ, ఢిల్లీలోని నేషనల్ బుక్ ట్రస్ట్ లాంటివాళ్లు ఇప్పటిదాకా వేసినవి తెప్పించి కూటంలో ఉంచండి. అవి చదవకుండా వాళ్లకి పంపడం దండగ. ప్రథమ్ బుక్స్‌వాళ్ల పిల్లల కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి. అనువాదం సాధనకి అంతకన్నా మంచి చోటు లేదు. కానీ అక్కడ పెట్టిన కథని, పేరు చెప్పి ఎవరైనా అచ్చేయొచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఆ మాట రచయితకి ముందే చెప్పండి. తెలిసి ఇస్తే గొప్ప, తెలియకిస్తే గొడవ.

కథ రాయగానే హక్కు రాసినవాళ్లదే, రిజిస్టరు చేయక్కర్లేదు. బతికున్నన్నాళ్లూ, పోయాక 60 ఏళ్లూ ఉంటుంది. ఒప్పందంలో ఎన్నేళ్లకో రాయకపోతే 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఐదేళ్లకే ఇచ్చినట్టు లెక్క. "సర్వహక్కులూ శాశ్వతంగా" అన్న వాక్యం కనిపిస్తే సంతకం పెట్టనివ్వకండి. సొంతంగా అచ్చేసుకుంటే ఐఎస్‌బీఎన్‌కి, అంటే పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్యకి, డబ్బు కట్టాల్సిన పనిలేదు, ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. దానికి వేలు అడిగే దళారులున్నారు.

నా మొదటి పుస్తకానికి ఒక ప్రచురణకర్తకి డబ్బు కట్టాను. దేశమంతా పంచుతామన్నారు. మూడు వందల కాపీలు లారీ ఆఫీసుకి వచ్చాయి, ప్రతి పేజీలోనూ 'ర' ఒత్తు ఎగిరిపోయింది. ప్రేమ 'పేమ' అయింది. ఆ అట్టపెట్టెలు ఇప్పటికీ మంచం కింద ఉన్నాయి. అందుకే కూటంలో ఎవరు డబ్బు కట్టి అచ్చేయించాలన్నా, ముందు ఇద్దరు పాతవాళ్లు ఆ కాగితాలు చూడాలని నియమం పెట్టుకున్నాం. సొంతంగా వేస్తే మొదట యాభై కాపీలు చాలు.

కూటం ఆగిపోకుండా

గది తాళంచెవి ఇద్దరి దగ్గర ఉండాలి. ఒకరి దగ్గరే ఉంటే వాళ్ల ఇంట్లో పెళ్లి వచ్చిన నెల కూటం ఉండదు, ఆ తర్వాతి నెలా ఉండదు. ముగ్గురొచ్చినా చదవండి. రిజిస్టరులో తేదీ, కథ పేరు, చదివినవాళ్ల పేరు, దాని పక్కన "పిల్లలు ఏమడిగారు" అని ఒక గడి పెట్టండి. ఆ గడి ఖాళీగా ఉన్న కథని పత్రికకి పంపొద్దు, ఎంత పెద్దవాళ్లు రాసినా సరే. పోయిన నెల నాది అలాగే ఆగిపోయింది. వచ్చే ఆదివారం పర్లాకిమిడిలో ఎవరో పిల్లలకి చదివి రావాలి, బస్సు ఆరింటికి.